చల్లటి ఇంజిన్ దగ్గర నిలబడి చూడండి: పాత బీఎండబ్ల్యూ ఎం3 సెడాన్‌తో నా మూడేళ్లు

నేను రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను. చిన్న సీసాలో వచ్చిన రెండు మూడు మిల్లీలీటర్లు చూసి, ఎన్నడూ ముఖం చూడని మనిషి ఒంట్లో ఏం జరుగుతోందో చెప్పడం నా పని. ఆ అలవాటు వల్లే కావచ్చు, సెకండ్ హ్యాండ్ బండి కోసం తిరిగినన్నాళ్లూ నా చూపు పెయింటు మెరుపు మీద ఆగలేదు. ఇంజిన్ ఆయిల్ దగ్గరికే పోయేది. మూడేళ్ల కిందట నేను కొన్నది బీఎండబ్ల్యూ ఎం3 సెడాన్, ఈ90 అని పిలిచే తరం. కొన్నరోజు మీటరు మీద 1,12,000 కిలోమీటర్లు ఉన్నాయి. ఇవాళ 1,46,000 దాటింది. కొనేముందు నేను సరిగ్గా పట్టుకున్నవేమిటో, నా కళ్లుగప్పి వచ్చేసినవేమిటో రాస్తున్నాను. ఎం3 కాక వేరే వేగం బండి చూస్తున్నవాళ్లకీ ఇందులో సగానికి పైగా పనికొస్తుంది.

ముందు బండి సంగతి. ఈ సెడాన్ 2011 వరకు తయారైంది. నాలుగు డోర్లు, వెనక ముగ్గురు కూర్చునే సీటు, సామాను పట్టే డిక్కీ. చూడ్డానికి కాస్త కండపట్టిన 3 సిరీస్ (బీఎండబ్ల్యూ మామూలు సెడాన్) లాగే ఉంటుంది. బానెట్ కింద మాత్రం టర్బో (ఇంజిన్‌లోకి గాలిని బలంగా నెట్టే పరికరం) లేని 3,999 సీసీ వీ8 ఇంజిన్, పేరు ఎస్65. 420 హార్స్‌పవర్ ఇస్తుంది, అదీ 8,300 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర. సూది 8,400 దాకా పోతుంది. ఆ ఇంజిన్ బ్లాకును లాండ్‌షట్‌లోని బీఎండబ్ల్యూ ఫౌండ్రీలో పోతపోశారు, కంపెనీ ఫార్ములా 1 ఇంజిన్ బ్లాకులు పోసిన చోటే. ఎనిమిది సిలిండర్లున్నా ఇంజిన్ మొత్తం బరువు 202 కిలోలు. దీనికి ముందు తరం ఎం3లోని ఆరు సిలిండర్ల ఇంజిన్ కన్నా 15 కిలోలు తక్కువ. తర్వాతి తరం నుంచి ఎం3కి టర్బోలు వచ్చాయి, ఎలక్ట్రిక్ స్టీరింగ్ వచ్చింది. అవి వేగంలో దీన్ని దాటిపోతాయి, ఒప్పుకుంటాను. కానీ 5,000 దాటాక ఈ ఇంజిన్ గొంతు మారే తీరు, ముందు టైర్ల కింద ఏముందో చేతికి చెప్పే హైడ్రాలిక్ స్టీరింగ్, ఇవి నాకు ఇంకెక్కడా దొరకలేదు.

అయితే ఆ 8,400 అనే అంకెలోనే దీని జబ్బూ ఉంది. అంత వేగంలో క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్ల కదలికని తిప్పుడుగా మార్చే ఇరుసు) సెకనుకు 140 చుట్లు తిరుగుతుంది. పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే ఎనిమిది కనెక్టింగ్ రాడ్‌ల కింది చివర్లలో పల్చటి బేరింగులుంటాయి, ఒక్కో రాడ్‌కి రెండు ముక్కల చొప్పున మొత్తం 16. బేరింగుకీ క్రాంక్‌కీ మధ్య ఉండేది వెంట్రుక కన్నా పల్చటి ఆయిల్ పొర. దీనికి పోసేది 10డబ్ల్యూ-60 ఆయిల్, వేడెక్కేదాకా చిక్కగా, బద్ధకంగా కదిలే ఆయిల్. పొద్దున్నే స్టార్ట్ చేసి, రెండు నిమిషాలైనా కాకముందే కాలు అదిమేసేవాడి చేతిలో ఈ బేరింగులు త్వరగా అరుగుతాయి. బీఎండబ్ల్యూ వాళ్లకి ఇది తెలుసు కాబట్టే ఆర్‌పీఎం మీటరు అంచున లైట్ల వరుస పెట్టారు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పై అంకెల దగ్గర లైట్లు వెలిగి 'ఇక్కడిదాకా రావద్దు' అంటాయి. ఆయిల్ వేడెక్కేకొద్దీ ఒక్కొక్కటీ ఆరుతాయి. బేరింగుల అరుగుదలకి చల్లటి ఇంజిన్‌ని తొక్కడమే కారణమా, బేరింగుకీ క్రాంక్‌కీ మధ్య వదిలిన ఖాళీ మరీ తక్కువ కావడమా అని మెకానిక్‌లు ఇప్పటికీ వాదించుకుంటారు. నేను ఆ వాదనలోకి దిగను. కొనేవాళ్లుగా మనం చూడగలిగింది ఒకటే: పాత యజమాని ఆ లైట్లు ఆరేదాకా ఆగే మనిషా, కాదా.

అందుకే ఏ బండి చూడబోయినా ముందురోజే ఫోన్ చేసి ఒక్క మాట అడిగేదాన్ని: "మేం వచ్చేదాకా బండి స్టార్ట్ చేయకండి." నూటికి నూరుపాళ్లు న్యాయమైన కోరిక ఇది. చేయించుకునేదానికి ఖర్చు లేదు. ఈ మాటకి అవతలివాళ్లు ఎలా స్పందిస్తారన్నదే మొదటి పరీక్ష.

మొదటి బండి ఎర్రటిది. ఫోటోల్లో కళ్లు తిప్పుకోలేకపోయాను. మా తమ్ముడు మెకానిక్, వాణ్ణి వెంటబెట్టుకుని వెళ్లాను. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెడితే సెగ తగిలింది. "మీకోసమే రెడీగా ఉంచానండీ, ఇందాకే ఒక రౌండు వేసొచ్చాను" అన్నాడు అమ్మే ఆయన. తమ్ముడు ఏమీ మాట్లాడకుండా స్కానర్ తగిలించాడు. ఒక్క ఎర్రర్ కోడ్ కూడా లేదు. నాకు సంతోషమేసింది. వాడు మాత్రం పెదవి విరిచి ఇంకో పేజీ తెరిచాడు. బండి తన పొగలో విషవాయువుల్ని తగ్గించే కాటలిటిక్ కన్వర్టర్‌నీ, ఆక్సిజన్ సెన్సర్లనీ, ఇంధనం ఆవిరి బయటికి పోకుండా చూసే ఏర్పాటునీ నడుస్తుండగా తనే పరీక్షించుకుంటుంది. ఆ పరీక్షలు పూర్తయ్యాయో లేదో చూపే పేజీ అది. దాదాపు అన్నీ అసంపూర్తి అని ఉన్నాయి. అంటే మమ్మల్ని రమ్మనడానికి కాస్త ముందే ఎవరో కోడ్‌లన్నీ చెరిపేశారన్నమాట. లేదా బ్యాటరీ తీసి పెట్టారు. అడిగితే "అవునండీ, నిన్ననే బ్యాటరీ మార్చాం" అన్నాడు. బ్యాటరీ పాతదే, దాని టెర్మినల్స్ మీద తెల్లటి ఉప్పు పేరుకుని ఉంది. తమ్ముడు గొంతు పెంచకుండా, "సరేనండీ, ఒక నాలుగు రోజులు మామూలుగా వాడండి, ఆ పరీక్షలన్నీ పూర్తయ్యాక పిలవండి, మళ్లీ వస్తాం" అన్నాడు. ఆ పిలుపు రాలేదు.

అప్పటిదాకా స్కానర్‌లో కోడ్ లేకపోతే బండి ఆరోగ్యంగా ఉన్నట్టే అనుకునేదాన్ని. ఏమీ కనిపించని రిపోర్టుకీ, అసలు పరీక్షే జరగని రిపోర్టుకీ తేడా నా ఉద్యోగంలో ప్రాణంతో సమానం. బండి దగ్గర ఆ తేడా నాకు తట్టలేదు. స్కానర్ పెట్టించేవాళ్లు ఆ రెండో పేజీ కూడా తప్పకుండా తెరిపించండి.

రెండో బండి తెల్లది, 38,000 కిలోమీటర్లే తిరిగింది. ఇది తిప్పిన మీటరేమోనని అనుమానంతోనే వెళ్లాం. ఈ తరం బీఎండబ్ల్యూ తాళంలో ఒక చిప్ ఉంటుంది. బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో, ఛాసిస్ నంబరేమిటో అందులో రాసుకుంటుంది. సర్వీస్ సెంటర్లో తాళం చదివే యంత్రంలో పెడితే కనబడుతుంది. మీటరులో ఉన్న అంకె ఒక్కచోటే కాక బండిలోని ఇంకో కంప్యూటర్‌లోనూ ఉంటుంది, రెండూ పోల్చి చూడొచ్చు. పోల్చి చూశాం, సరిపోయాయి. యజమానురాలు నిజాయితీ గల మనిషి. బండిని ఎండా వానా తగలకుండా దాచింది. కానీ తొమ్మిదేళ్లలో మూడే మూడు ఆయిల్ బిల్లులున్నాయి. "ఎక్కువ తిరగలేదు కదండీ, ఎందుకు మార్చడం" అందామె. తిరిగినవన్నీ నాలుగైదు కిలోమీటర్ల ప్రయాణాలు. ఆయిల్ పూర్తిగా వేడెక్కేలోపే ఇంజిన్ ఆపేయడం, ఏళ్ల తరబడి. అలాంటప్పుడు ఇంజిన్‌లో చేరిన తేమ, పెట్రోలు ఆయిల్‌లోనే మిగిలిపోతాయి. టైర్ల పక్కగోడ మీద నాలుగంకెల సంఖ్య చూశాను. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. బండి పుట్టినప్పటి టైర్లే, మీద గాట్లు నిండుగా ఉన్నా పక్కగోడల్లో సన్నని పగుళ్లు. తిరగని బండి ఆరోగ్యమైన బండి అని ఇక ఎవరైనా చెబితే నేను నమ్మను. ఆమె మంచితనం చూసి బాధేసింది, కొనకుండానే వచ్చేశాం.

మూడోది ముదురు నీలం, ఇంటర్లగోస్ బ్లూ అంటారు ఆ రంగుని. అమ్ముతున్నది రిటైరైన లెక్కల మాస్టారు. స్టార్ట్ చేయొద్దని ఫోన్లో చెబితే "చేయనమ్మా, కవరు కూడా తియ్యను, మీరే వచ్చి తీయండి" అన్నారు. అన్నట్టే ఉంచారు. బానెట్ చల్లగా ఉంది. స్టార్ట్ చేయగానే ఎక్కువ ఆర్‌పీఎం దగ్గర మొదలై, నిమిషంలోపు సర్దుకుంది. మొదటి కొన్ని క్షణాలు ఇంజెక్టర్ల టిక్కుటిక్కు వినిపిస్తుంది, అది మామూలే. మేం చెవి పెట్టి వెతికింది లోతుగా, కింది నుంచి, గూటం పెట్టి కొట్టినట్టు వచ్చే శబ్దం కోసం. లేదు. సైలెన్సర్ గొట్టాల నుంచి నీలం పొగ లేదు. రోడ్డెక్కాక తమ్ముడు ఒక చోట దారి ఖాళీగా ఉంది కదా అని కాలు కాస్త నొక్కబోయాడు. పక్క సీట్లో ఉన్న మాస్టారు చెయ్యి అడ్డం పెట్టి, "ఇంకా రెండు లైట్లు ఆరలేదు బాబూ, ఆగు" అన్నారు. వెనక సీట్లో కూర్చున్న నాకు ఆ క్షణంలోనే బండి మీద మనసు పడిపోయింది.

అయినా మనసు పడ్డంత మాత్రాన సంతకం పెట్టలేదు. ఆయన దగ్గర రెండు లావుపాటి ఫైళ్లున్నాయి. ఈ ఇంజిన్‌కి కొత్తలో 2,000 కిలోమీటర్ల దగ్గర ఒక సర్వీసు ఉంటుంది, ఇంజిన్ ఆయిల్‌తో పాటు వెనక డిఫరెన్షియల్ (వెనక చక్రాలకి బలం పంచే గేర్ల పెట్టె) ఆయిల్ కూడా మార్చాలి. చాలామంది ఫైళ్లలో ఆ కాగితమే ఉండదు. ఇక్కడ మొదటి పేజీయే అది. తర్వాత ప్రతి ఆయిల్ మార్పూ తేదీతో, కిలోమీటర్లతో, పోసిన ఆయిల్ రకంతో, మధ్యలో పైన పోసిన అర లీటరుతో సహా ఉంది. ఈ ఇంజిన్‌కి ఆయిల్ చూసే పుల్ల ఉండదు. మట్టం చూడాలంటే ఇంజిన్ వేడెక్కి నడుస్తుండగా లోపలి తెర మీదే చూడాలి. కాబట్టి పట్టించుకోనివాళ్లకి తగ్గినట్టు కూడా తెలీదు. పట్టేది 8.8 లీటర్లు. వేరే పల్చటి ఆయిల్ పోసిన బిల్లులు కనబడితే ఎందుకు పోశారో తప్పకుండా అడగండి.

ఆయిల్ మార్చేటప్పుడు శాంపిల్ తీసి పరీక్షకి పంపుతామని అడిగితే మాస్టారు ఒప్పుకున్నారు. రిపోర్టు వచ్చేదాకా బేరం ఆపుకున్నాం. శాంపిల్ తీయడంలో పద్ధతుంది. వేడి ఇంజిన్ నుంచి ఆయిల్ దించుతున్నప్పుడు మొదట వచ్చేది పోనిచ్చి, ధార మధ్యలో ఉన్నప్పుడు శుభ్రమైన సీసాలో పట్టాలి. మూత్రపరీక్షకి శాంపిల్ ఎలా ఇవ్వమంటామో అలాగే. రిపోర్టులో ఏ లోహం ఎంతుందో పది లక్షల్లో భాగాల లెక్కన ఉంటుంది. సీసం, రాగి ఎక్కువుంటే బేరింగుల వైపు చూడాలి. ఇనుము సాధారణ అరుగుదలని చెబుతుంది. సిలికాన్ పెరిగితే గాలి ఫిల్టర్ దగ్గర దుమ్ము లోపలికి పోతోందని అనుమానం. సోడియం, పొటాషియం కనబడితే కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) ఆయిల్‌లో కలుస్తోందేమో చూడాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ ఇంజిన్ చివరి సంవత్సరాల్లో బేరింగులు సీసం లేని రకానికి మారాయి. ఆ బండిలో సీసం కనబడలేదని సంబరపడితే మోసపోయినట్టే, అక్కడ చూడాల్సింది తగరం, అల్యూమినియం.

ఒక్క రిపోర్టుతో తీర్పు చెప్పకూడదని నా ఉద్యోగం నాకు నేర్పింది. ఆ ఆయిల్ ఎన్ని కిలోమీటర్లు నడిచిందో తెలియకపోతే అంకెకి అర్థమే లేదు. మాస్టారు అంతకుముందు రెండుసార్లు చేయించిన రిపోర్టులు ఇచ్చారు. మూడూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే సీసం నిలకడగా ఉంది, ఉన్నట్టుండి ఎగరలేదు. ఇంకొక సంగతి: ఈ పరీక్షకి సన్నటి రేణువులే చిక్కుతాయి, పెద్ద పెచ్చులు చిక్కవు. అందుకే తీసిన ఆయిల్ ఫిల్టర్ కాగితాన్ని కోసి, మడతలు విప్పి, దీపం కింద పరచి చూశాం. మెరిసే రేకులేవీ లేవు. పది నిమిషాల పని. ఏ పెర్ఫార్మెన్స్ బండికైనా ఇది చేయించమని చేతులు పట్టుకుని చెబుతాను.

బండి కొన్నాక 1,20,000 దగ్గర బేరింగులు మార్పించాను. శబ్దం వచ్చి కాదు, రాకముందే. ఇంజిన్‌ని పైనుంచి వేలాడదీసి, ముందు సబ్‌ఫ్రేమ్ దించి, ఆయిల్ పాన్ తీసి కింది నుంచే మార్చొచ్చు. రాడ్ బోల్టులు పాతవే మళ్లీ బిగించకూడదు, కొత్తవి వేయాలి. పాత 16 ముక్కలూ అడిగి తెచ్చుకున్నాను. ఇంత జాగ్రత్తగా నడిపిన బండిలో కూడా రెండు మూడింటి మీద పై పూత పోయి రాగి రంగు బయటపడింది. అది చూశాక, ఈ పని ఇంతకుముందే చేయించినట్టు బిల్లున్న బండి దొరికితే దానికి కాస్త ఎక్కువ ఇచ్చినా నష్టం లేదనే నమ్మకం కుదిరింది. బిల్లు లేకపోతే ఆ ఖర్చు బండి ధరలో కలుపుకునే బేరమాడండి.

ఇక నా కళ్లుగప్పింది. ఈ ఇంజిన్‌లో ఎనిమిది సిలిండర్లకీ ఎనిమిది విడివిడి థ్రాటిల్ మూతలు, లోపలికి పోయే గాలిని అదుపు చేసేవి. ఒక్కో వైపు నాలుగింటిని ఒక చిన్న మోటారు తిప్పుతుంది, అలాంటివి రెండు. వాటి లోపలి ప్లాస్టిక్ పళ్ల చక్రాలు అరిగిపోవడం ఈ బండికి బాగా తెలిసిన రోగం. 1,12,000 తిరిగిన బండి ఫైల్లో ఆ మోటార్లు మార్చిన కాగితం లేదంటే అవి ఇవాళో రేపో పోయేవేనని నేను లెక్కేసుకోవాలి. బేరింగుల ధ్యాసలో పడి ఆ ఊసే ఎత్తలేదు. నాలుగో నెలలో హైవే మీద లారీని దాటబోతుండగా మీటరు మీద ఒక్కసారిగా హెచ్చరిక లైట్లు వెలిగాయి, ఇంజిన్ బలం సగానికి పడిపోయింది. ఎలాగో పక్కకి లాగి ఆపాను. ఒళ్లంతా చెమట. వెళ్లిన వర్క్‌షాపు వాళ్లు పాడైన వైపు ఒక్కటే మారుస్తామన్నారు, రెండోది బాగానే ఉందని నమ్మబలికారు. మూడు నెలలు తిరక్కుండానే రెండోదీ పోయింది. ఆ మోటార్లు ఇంజిన్ రెండు వరుసల మధ్య లోయలో ఉంటాయి, పైనున్న గాలి పెట్టె మొత్తం విప్పితే గానీ అందవు. ఒకే విప్పుడులో పోయేదానికి రెండుసార్లు కూలి ఇచ్చుకున్నాను. మార్పిస్తే రెండూ కలిపే మార్పించండి. కొనేముందు అమ్మేవాళ్లని సూటిగా అడగండి: థ్రాటిల్ మోటార్లు ఎప్పుడు మార్చారు, రెండూనా, ఒకటేనా?

గేర్ బాక్సు విషయానికొస్తే నాది ఆరు గేర్ల మాన్యువల్. క్లచ్ చూడాలంటే వేడెక్కిన బండిని ఐదో గేర్లో తక్కువ ఆర్‌పీఎం దగ్గర పెట్టి కాలు పూర్తిగా నొక్కండి. సూది వేగంగా పైకెగిరి బండి మాత్రం మెల్లగా కదిలితే క్లచ్ జారుతున్నట్టే. రెండో గేరు చల్లగా ఉన్నప్పుడు కాస్త మొరాయించడం వేరు, వేడెక్కాక కూడా గరగరమనడం వేరు. ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్ బండైతే బ్రేకు మెల్లగా వదిలి పాకించండి, కదిలేటప్పుడు వణుకుతోందా చూడండి. ట్రాఫిక్‌లో ఆగుతూ సాగుతూ పావుగంట నడపందే దాని అసలు గుణం బయటపడదు. లిఫ్ట్ మీద పెట్టినప్పుడు గేర్ బాక్సు అడుగున తడి ఉందేమో వేలితో తుడిచి చూడండి. డిఫరెన్షియల్ నుంచి స్థిరమైన వేగంలో గుయ్‌మనే మూలుగు వస్తే ఆ బండి వద్దు.

ముందు బ్రేక్ డిస్కులు 360 మిల్లీమీటర్లు, వెనకవి 350. చిన్న రంధ్రాలుంటాయి వాటికి. రంధ్రం నుంచి రంధ్రానికి పగుళ్లు పాకాయేమో టార్చి వేసి చూడాలి. రేస్ ట్రాక్ మీద తిప్పిన బండ్లలో అవి ముందు కనిపిస్తాయి. డిస్కు ఎంత పల్చబడ్డాక మార్చాలో ఆ అంకె డిస్కు మీదే అచ్చుగుద్ది ఉంటుంది, కొలిచి చూసుకోవడమే. వెనక టైర్ల లోపలి అంచు చేత్తో తడమండి. పైకి గాట్లు కనబడుతున్నా లోపలి అంచు నున్నగా అయిపోయి ఉంటుంది చాలా బండ్లలో. నాలుగు టైర్లూ నాలుగు రకాలైతే ఆ యజమాని మిగతా విషయాల్లో ఎలా ఉండి ఉంటాడో మీకే అర్థమవుతుంది. షాక్ అబ్జార్బర్లు మూడు రకాలుగా మారే ఎలక్ట్రానిక్ రకమైతే మూడూ మార్చి చూడండి, తేడా తెలియకపోతే ఏదో పోయినట్టు. వాటి ధర మామూలు వాటిలా ఉండదు.

బాడీ గురించి నాకు పెద్ద పట్టింపు లేదు, ఒక్క జాగ్రత్త తప్ప. పెయింటు మందం కొలిచే పరికరాల్లో ఇనుము మీద మాత్రమే పనిచేసేవి ఉన్నాయి. ఎం3 బానెట్ అల్యూమినియం, దాని మీద అవి ఏమీ చూపవు. అన్ని లోహాలకీ పనిచేసేది అరువు తెచ్చుకోండి. పైకప్పు దగ్గర మొదలుపెట్టి, అక్కడి అంకెతో మిగతావి పోల్చుకుంటూ రండి. ఒక డోరు దగ్గర అంకె రెండింతలైతే మళ్లీ రంగేసినట్టు, దానికి చాలా పైకి పోతే లోపల పుట్టీ ఉన్నట్టు. చిన్న గీతకి రంగేయించుకోవడం నేరం కాదు. డిక్కీలో కార్పెట్ ఎత్తి, స్పాట్ వెల్డింగులు రెండు వైపులా ఒకేలా ఉన్నాయేమో చూస్తే వెనక నుంచి గుద్దుకున్న బండి దొరికిపోతుంది.

ఇంజిన్ కంప్యూటర్‌లో ప్రోగ్రాం మార్చిన బండ్లూ, కాటలిటిక్ కన్వర్టర్లు పీకేసిన బండ్లూ నేను చూడటానికి కూడా వెళ్లలేదు. బాగా చేయించుకున్నవాళ్లూ ఉంటారు. కానీ పొగ పరీక్ష నెగ్గకపోతే బాధ కొన్నవాళ్లది. కనీసం తీసేసిన అసలు పార్టులన్నీ బండితో పాటు ఇస్తారా అని అడగాలి. ఛాసిస్ నంబరు కాగితాల్లోనూ, అద్దం కిందా, డోరు స్టిక్కరు మీదా ఒకటేనా చూడాలి. అప్పు తీరిందో లేదో కనుక్కోవాలి. అదే నంబరుతో రీకాల్ పనులు (లోపమున్న పార్టుని కంపెనీయే పిలిచి మార్చడం) మిగిలాయేమో సర్వీస్ సెంటర్లో అడగండి. విచ్చుకునేటప్పుడు లోహపు ముక్కలు చిమ్మే ప్రమాదముందని ప్రపంచమంతా వెనక్కి పిలిచిన టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగులు ఈ తరం 3 సిరీస్ బండ్లలోనూ ఉన్నాయి. స్టీరింగులో ఉన్నది మార్చారని కాగితం చూసేదాకా మా నాన్న ఆ బండి ఎక్కలేదు. ఆయన చేసింది సరైన పని.

రోజూ వాడుకోవడానికి ఎలా ఉందంటారా? పెట్రోలు బాగా తాగుతుంది, ఊళ్లో నడిపితే మరీనూ. దూరప్రయాణంలో ట్యాంకు మరీ త్వరగా ఖాళీ అవుతుంది. సీట్లు ఆరు గంటలు కూర్చున్నా నడుము నొప్పి రానివ్వవు. వెనక పిల్లలు హాయిగా నిద్రపోతారు. తక్కువ ఆర్‌పీఎంలో బలం ఉబికి రాదు. టర్బో బండి అలవాటైనవాళ్లకి మొదట్లో ఇది నీరసంగా అనిపిస్తుంది. మా చెల్లెలు నడిపి "ఇదేనా అక్కా నువ్వు ఇంతలా చెప్పింది?" అంది. ఆయిల్ లైట్లన్నీ ఆరాక, ఘాట్ రోడ్డు మొదట్లో, మూడో గేర్లోనే ఉంచి 8,000 దాకా పోనివ్వమన్నాను. కొండ పైకి చేరేదాకా నోరెత్తలేదు. దిగాక తాళం నాకు తిరిగివ్వకుండా చేతిలోనే పెట్టుకుంది.

రిపేర్లకి విడిగా డబ్బు దాచుకోలేనివాళ్లు, ఉన్నదంతా పోసి ఈ బండి కొనొద్దు. ఇది నా గట్టి మాట. బండి పాతబడి ధర తగ్గినా దాని పార్టుల ధర తగ్గలేదు. నాకు మూడేళ్లలో బేరింగులు, రెండు థ్రాటిల్ మోటార్లు, వాల్వ్ కవర్ గాస్కెట్లు, ఒక కూలెంట్ ట్యాంకు, రెండు జతల వెనక టైర్లు అయ్యాయి. ఒక్క నెల కూడా అమ్మేద్దామని అనిపించలేదు.

చెల్లెలు ఇప్పుడు ఇలాంటిదే తనకీ కావాలంటోంది. ఆదివారం పొద్దున తమ్ముడూ నేనూ కలిసి ఒక వెండి రంగుది చూడబోతున్నాం, 2010 మోడల్, 96,000 తిరిగింది. కొత్త శాంపిల్ సీసా, టార్చి, స్కానర్ సంచిలో సర్దేశాను. యజమానికి ఫోన్ చేసి, మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దన్నాను. కాసేపు ఆగి, "ఎందుకండీ?" అన్నాడు.